నలుగురికి ఒకటే మైకు

డెట్రాయిట్, మిషిగన్
1969 ఫిబ్రవరి 9

వెర్లీన్ అక్కా,

లెమ్‌ని మట్టిలో పెట్టి మీ ఊరి నుంచి వచ్చి పది రోజులైంది. బస్సెక్కేటప్పుడు ఉత్తరం రాస్తానని నీకు మాటిచ్చాను. నా రాత ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఏడో తరగతిలో బడి మానేసి పత్తిచేలో పడ్డవాణ్ణి. తరవాత వచ్చిన నాలుగు ముక్కలూ ఇక్కడి లైబ్రరీలో కూర్చుని నాకు నేను నేర్చుకున్నవే. తప్పులుంటే నవ్వుకో. నవ్వి చాలా రోజులై ఉంటుంది.

మా రికార్డు పూర్తయిందని అక్కడ చెప్పలేకపోయాను. శవం పక్కన నిలబడి ఆ మాట ఎలా అనను? పది పాటలు. పెద్ద పళ్లెం, రెండు వైపులా మేమే. ‘సెయింట్ ఆబిన్ ఫోర్’ మొదటి ఆల్బమ్. లెమ్ పై గొంతు, హోమర్, వెండెల్ మధ్య గొంతులు, నేను అందరికంటే కింద. మూడేళ్లుగా సెయింట్ ఆబిన్ వీధిలోని మా మేడ మెట్ల మీద పాడుకున్న పాటలు. ఆ మెట్ల దగ్గర గొంతు గుండ్రంగా తిరిగొస్తుంది. కింది వాటాలో మిసెస్ బ్యాంక్స్ చీపురుతో కప్పును పొడిచి, “మీకు ఇళ్లు లేవట్రా కుక్కల్లారా!” అని అరిచేది. పాట ఆపితే మళ్లీ పొడిచేది, “ఆపారేంట్రా?” అని.

మొదట ఊపిరి తీసేది లెమ్. సన్నగా ఒక్క శ్రుతి ఇచ్చేవాడు. దాన్ని పట్టుకుని మిగతా ముగ్గురం దిగేవాళ్లం. పియానో అక్కర్లేదు మాకు.

ఫౌండ్రీలో మళ్లీ పనిలోకి వెళ్తున్నాను. మూడో నంబరు యంత్రం దగ్గరికే. పోతపోసిన ఇంజిను దిమ్మల్ని పెద్ద ఇనప జల్లెడ మీద కుదిపి, మాడిన ఇసుకను రాల్చే యంత్రం అది. దాని మోతలో మనిషి మాట వినపడదు. పై కొక్కెం గొలుసు తెగి దిమ్మ లెమ్ మీద పడింది అక్కడే. కొత్త గొలుసు వేశారు. మెరుస్తోంది.

మిస్ జెనీవా ఎలా ఉన్నారు? నా తరఫున ఆమె చేతులు పట్టుకో.

నీ తమ్ముడి లాంటి
ఓడెల్

ఇండియనోలా, మిసిసిపీ
ఫిబ్రవరి 20

ఓడెల్,

అమ్మ చేతులు పట్టుకోమన్నావు. పట్టుకోనిస్తే కదా.

నువ్వు వెళ్లిన వారానికి మీ ఫౌండ్రీ నుంచి ఉత్తరం వచ్చింది. టైపు కొట్టి, పైన బొమ్మ అచ్చేసిన కాగితం. అందులో ఏముందో రాస్తున్నాను, కూర్చుని చదువు. ఆ రోజు లెమ్యుయల్ టార్వర్ పొద్దుటి పని ముగించి గడియారం దగ్గర హాజరు కార్డు గుద్ది వెళ్లిపోయాడట. సాయంత్రం పని లేకపోయినా, ఎవరి అనుమతీ లేకుండా లోపలికొచ్చాడట. యంత్రం దగ్గర తచ్చాడాడట. అతని దగ్గర మద్యం వాసన వచ్చిందని తోటి పనివాడొకడు సంతకం పెట్టి చెప్పాడట. కాబట్టి తప్పు అతనిదేనట.

నేనే పైకి చదివాను. చదవకుండా పొయ్యిలో పెట్టి ఉండాల్సింది. అమ్మ కుట్టు ఆపలేదు. చివరి దాకా విని, “అదే నీళ్లు వాడి ఒంట్లోనూ ఉన్నాయన్నమాట” అంది. లేచి వెళ్లి లెమ్ ఫొటోను గోడవైపు తిప్పేసింది.

మా నాన్న తాగి తాగి బావిగట్టు మీద చచ్చిపోయాడని నీకు తెలుసు. అప్పటికి లెమ్‌కి తొమ్మిదేళ్లు. వాడే చూశాడు ముందు. చుక్క ముట్టనని అమ్మ ఒళ్లో తలపెట్టి ఒట్టేశాడు. ఆ ఒట్టు తప్పాడని అమ్మ నమ్మేసింది. ముద్ర వేసిన కాగితాన్ని నమ్మినంతగా కన్నకొడుకును నమ్మదు. ఇక్కడ మనవాళ్లకు తెల్లవాళ్ల కాగితమంటే అంత భయం మరి.

ఏప్రిల్ చివరి ఆదివారం మా చర్చిలో ఏడాదిలో పోయినవాళ్ల పేర్లు పిలుస్తారు. ఎవరి పేరు పిలిస్తే ఆ ఇంటివాళ్లు లేచి నిలబడాలి. ఎవరూ లేవకపోతే ఆ మనిషి ఎవరికీ కానట్టే. అమ్మ ముప్పై ఏళ్లుగా తెల్ల చేతితొడుగులు వేసుకుని ఆ చర్చి తలుపు దగ్గర నిలబడి, వచ్చినవాళ్లకు చోటు చూపిస్తున్న మనిషి. వాడి పేరు పిలవొద్దని పాస్టరుకు చెప్పొచ్చింది. “పిలిచినా నేను లేవను. నువ్వు లేచావో, నా గడప తొక్కకు” అంది నాతో.

నువ్వు మూడో నంబరు దగ్గరే కదా పని? సాయంత్రం పని నీదే కదా? అంటే నువ్వు పక్కనే ఉండాలి. లెమ్ తాగాడా? ఆ సంతకం పెట్టిన వెధవ ఎవడు? పేరు కనుక్కుని రాయి. మిగతాది నేను చూసుకుంటాను.

వెర్లీన్

డెట్రాయిట్
మార్చి 11

వెర్లీన్ అక్కా,

లెమ్ తాగలేదు. ఈ ముక్క మిస్ జెనీవాకు చెప్పు. నాకు తెలుసు. ఎలా తెలుసని అడగొద్దు, తెలుసంతే.

ఆ సంతకం సంగతి కనుక్కుంటాను. ఆఫీసులో కాగితాలు మా లాంటి వాళ్లకు చూపించరు. కొంచెం టైము పడుతుంది.

నువ్వు ఒక్కదానివే మండిపోతున్నాననుకోకు. ఇక్కడ ఏం చేస్తున్నారో విను. రికార్డు కంపెనీ ట్రస్‌డేల్ పోయిన నెల మమ్మల్ని పిలిచాడు. గదిలో నీలం సూటు వేసుకున్న ఒకడున్నాడు. పేరు రేమండ్. క్లీవ్‌లాండ్ వాడు. పళ్లు బాగుంటాయి. “వీడే మీ నాలుగోవాడు” అన్నాడు ట్రస్‌డేల్. “చచ్చినవాణ్ణి టీవీలో ఎలా నిలబెట్టను? పోస్టరు మీద ఎలా వెయ్యను?”

రికార్డు అట్ట మీద వెయ్యడానికి కొత్త ఫొటో కూడా తీశారు. లెమ్ కోసం కుట్టించిన కోటే వాడికి వేశారు. చేతులు పొడుగై వెనక పిన్నులు గుచ్చారు. నా పక్కనే నిలబెట్టారు వాణ్ణి. నవ్వమన్నారు. నవ్వాను. నా మీద నాకే అసహ్యం.

లెమ్ ముందుండి పాడిన చోటల్లా టేపు చెరిపేసి రేమండ్ చేత పాడించారు. వాడు చెడ్డగా పాడడు. అదే నా ఏడుపు. కానీ అక్కా, వాళ్లు చెరపలేనిది ఒకటుంది. వెనకపాట పాడేటప్పుడు మేం నలుగురం ఒకే మైకు చుట్టూ నిలబడ్డాం. ఆ టేపు మీద నలుగురం కలిసిపోయాం. మమ్మల్ని చెరపకుండా వాణ్ణి చెరపలేరు. రేమండ్ ఒక మాట పాడి ఆగుతాడు. ఆ ఆగిన చోట వెనకాల నుంచి లెమ్ వస్తాడు. పలచగా. పక్కగదిలో ఎవరో పని చేసుకుంటూ పాడుకుంటున్నట్టు.

మొదటిసారి విన్నప్పుడు రేమండ్ హెడ్‌ఫోన్లు తీసి కిందపెట్టేశాడు. “మీరు ముగ్గురే కదయ్యా ఇక్కడున్నది?” అన్నాడు. 

ఇప్పుడు ట్రస్‌డేల్ వెనకపాటంతా మా ముగ్గుర్నీ మళ్లీ పాడమంటున్నాడు, లెమ్ లేకుండా. ఆ మనిషికి కనికరమన్నది లేదు. ఆ గురువారం కూడా అంతే. నా కింది గొంతు ఒక్క పాటలో నచ్చలేదని నాలుగింటి నుంచి నన్ను నిలబెట్టి పాడించినదే పాడించాడు. కాళ్లు పీకి నేల మీద కూర్చున్నా, “లెయ్, ఇంకోసారి” అంటాడు. వాడి చేతిలో బతుకు ఇలా ఉంటుంది.

యంత్రం దగ్గర కూడా నాకు మనశ్శాంతి లేదు. అది ఎప్పుడూ ఒకటే శ్రుతిలో మోగుతుంది. నేనూ లెమ్ దాని మీదే సాధన చేసేవాళ్లం, అది కింద, మేం పైన. ఇప్పుడు నేను నోరు మూసుకునే ఉంటాను. అయినా పైశ్రుతి వినిపిస్తుంది. పక్కవాణ్ణి అడిగాను, వినపడుతోందా అని. వాడు నన్నోలా చూసి చెవుల్లో దూది ఇంకాస్త కుక్కుకున్నాడు.

ఓడెల్

ఇండియనోలా
మార్చి 24

ఓడెల్ ప్రూయిట్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

నేను చొక్కాల ఫ్యాక్టరీలో ఆరేళ్లుగా కాలర్లు కుడుతున్నాను. మాకూ గోడకు గడియారం ఉంది, మేమూ కార్డులు గుద్దుతాం. లూలా మేకి ఒంట్లో బాగోలేని రోజున ఆమె కార్డు నేను గుద్దాను. నా పిల్లకు జ్వరమొస్తే నాది ఆమె గుద్దింది. కాబట్టి నాకు చెవిలో పువ్వులు పెట్టకు.

లెమ్ పోయింది జనవరి ఇరవై మూడు, గురువారం, సాయంత్రం ఏడింటికి. ఫౌండ్రీవాళ్ల కాగితంలోనే ఉంది. ఆ కాగితంలోనే మూడో నంబరు దగ్గర పనిలో ఉన్నది ఓడెల్ ప్రూయిట్ అనీ ఉంది. నువ్వేమో “ఆ గురువారం” నాలుగింటి నుంచి స్టూడియోలో నిలబడి పాడానంటున్నావు. లెమ్ పోయిన గురువారం కాకపోతే “ఆ గురువారం” అని ఎందుకంటావు?

ఒక్క మనిషి రెండు చోట్ల ఉండడు. నువ్వు పాటలో ఉంటే యంత్రం దగ్గర ఉన్నదెవరు? నీ కార్డు గుద్దిందెవరు?

ఇంకొకటి. అక్కడ లేనివాడికి వాడు తాగలేదని ఎలా తెలుసు? తెలిసే ఉంటే, తాగాడని సంతకం పెట్టినవాడి పేరు కనుక్కోవడానికి నీకు నెలరోజులు ఎందుకు చాలలేదు?

పాట కబుర్లు నాకు రాయకు. దయ్యం కబుర్లూ రాయకు. మా ఇంట్లో ఫొటో ఇంకా గోడవైపే తిరిగి ఉంది. దుమ్ము తుడవడానికని రోజూ దాని వీపు చూస్తున్నాను నేను. నాకు ఒక్క ముక్క చాలు. నిజం రాయి, లేదా ఇక రాయకు.

వెర్లీన్ టార్వర్

డెట్రాయిట్
ఏప్రిల్ 13

వెర్లీన్ అక్కా,

అక్కా అనే హక్కు ఉందో లేదో ఈ ఉత్తరం అయ్యాక నువ్వే తేల్చు.

నా కార్డు గుద్దింది లెమ్. తాగాడని సంతకం పెట్టింది నేను.

రాశాను. ఇక మిగతాది.

ఆ రోజు రెండున్నరకు నా పని మొదలు. లెమ్ పొద్దున ఆరు నుంచి చేసి అప్పుడే దిగుతున్నాడు. గేటు దగ్గర ఎదురుపడ్డాం. నాలుగింటికి స్టూడియోలో ఉండాలి, ఒక పాటలో కింది గొంతు కుదరలేదు, ఇవాళ చెయ్యకపోతే ఆ పాట తీసేస్తామన్నాడు ట్రస్‌డేల్, అని చెప్పాను. ముందురోజే సెలవడిగితే ఫోర్‌మన్ డడెక్ కుదరదన్నాడు. లెమ్ చెయ్యి చాపాడు. “ఇటివ్వు నీ కార్డు” అన్నాడు. “నువ్వు పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నావు కదరా” అన్నాను. “నిలబడ్డం నాకు కొత్తా? నా పాటలన్నీ బాగా కుదిరాయి. నీ కప్ప గొంతే కదా మిగిలింది, పోయి దాని సంగతి చూడు” అన్నాడు. నవ్వాడు. నేను కార్డిచ్చాను. ఇంకోసారి వద్దనలేదు అక్కా. ఒక్కసారే అన్నాను. ఆ ఒక్కసారీ ఊరికే అన్నాను.

మేం ఒకరి కార్డు ఒకరం ఎన్నోసార్లు గుద్దుకున్నాం. ఫౌండ్రీలో అందరూ చేస్తారు. డడెక్‌కీ తెలుసు. మనిషి నిలబడి ఉంటే చాలు వాడికి, ఏ మనిషైతేనేం. ఆ తెల్లవాడికి మేమంతా ఒక్కలాగే ఉంటాం.

ఏడున్నరకు స్టూడియోలో ఫోన్ మోగింది. నేను అప్పుడే బయటికొచ్చి మంచినీళ్లు తాగుతున్నాను. ఫోన్ ఎత్తిన అమ్మాయి నా ముఖం చూసి తెల్లబోయింది. “ఎవరో ఫౌండ్రీ నుంచి… ఓడెల్ ప్రూయిట్ చచ్చిపోయాడంట. లెమ్‌కి చెప్పమంటున్నారు” అంది.

నేను చచ్చిపోయానని నా చెవులతో నేను విన్నాను. ఆ క్షణంలోనే ఎవరు పోయారో తెలిసింది. గ్లాసు కింద పెట్టాను. పగలకుండా జాగ్రత్తగా పెట్టాను. ఎందుకో అదే గుర్తుంది.

ఫౌండ్రీలో ముఖం మీద మసి తుడిచాక గాని వాళ్లకు తెలియలేదు. డడెక్ నన్ను చిన్న గదిలోకి లాగి తలుపేశాడు. “నీ కార్డు గుద్ది ఉంది. అంటే నువ్వు పనిలో ఉన్నావు. అవునా కాదా?” అన్నాడు.  “కాదంటే దొంగకార్డు కేసు. నీ మీదా, చచ్చినవాడి మీదా కూడా. నీ ఉద్యోగం పోతుంది, నా ఉద్యోగం పోతుంది, పోలీసులొస్తారు. అవునంటే వాడు ఊరికే నిన్ను చూడ్డానికొచ్చాడు, అంతే. వాడికి ఇంకేం నష్టం?” కాగితం అప్పటికే రాసి ఉంది. చివరి వాక్యంలో మద్యం వాసన అని ఉంది. “ఇదెందుకు?” అన్నాను. “ఊరికే వచ్చినవాడు గొలుసు కిందకి ఎందుకెళ్తాడు మరి? ఏదో ఒకటి ఉండాలి” అన్నాడు.

నాకు చదవడం రాకపోతే బాగుండేది. వాక్యం వాక్యం చదివే సంతకం పెట్టాను. భయపడి పెట్టానని రాస్తే సగమే నిజం. కేసయితే రికార్డు ఆగిపోతుంది. నాకు ఆ రికార్డు కావాలి. ఏడేళ్లుగా ఇసుక మింగుతున్నాను అక్కా. నా గొంతు ఒక్కచోట మిగలాలి అనుకున్నాను. దానికోసం లెమ్ ఒట్టు నేను తప్పించాను. నేను స్టూడియోలో ఉన్నానని హోమర్‌కీ వెండెల్‌కీ తెలుసు. కార్డు సంగతి తెలిసీ నోరు మూసుకున్నారు, వాళ్లకూ రికార్డు కావాలి. తాగాడని రాసిచ్చిన సంగతి మాత్రం వాళ్లకు తెలియదు. పోయిన వారం చెప్పాను. హోమర్ నన్ను గోడకేసి కొట్టాడు. “లెమ్ తాగాడనా? లెమ్మా? ఇంకే అబద్ధమూ దొరకలేదట్రా నీకు!” అని ఏడ్చాడు.

పోయిన నెల వెనకపాట మళ్లీ పాడడానికి వెళ్లాం. ముగ్గురం మైకు దగ్గర నిలబడ్డాం. ట్రస్‌డేల్ అద్దం అవతలి నుంచి, “దగ్గరికి జరగండయ్యా, మధ్యలో ఆ సందేంటి?” అన్నాడు. చూసుకుంటే నాకూ హోమర్‌కూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలేశాం. ఎవరూ చెప్పకుండానే. జరిగాం. పాట మొదలయ్యేసరికి మళ్లీ ఆ సందు అక్కడే ఉంది. శ్రుతి ఇచ్చేవాడు లేక ముగ్గురం మూడు దారులు పట్టాం. ఆరుసార్లు ప్రయత్నించాక ట్రస్‌డేల్ విసుక్కుని, “వదిలెయ్యండి. పాతదే ఉంచుదాం. ఎవడికి వినిపిస్తుంది?” అన్నాడు.

కాబట్టి వాడు రికార్డులో ఉన్నాడు. అట్ట మీద పేరు లేదు. యంత్రం దగ్గర ఆ సాయంత్రం కార్డు మీదా పేరు లేదు, అక్కడ నా పేరుంది. రెండు చోట్లా పని వాడిది, పేరు ఇంకొకడిది. అట్ట మీద చెరిపింది ట్రస్‌డేల్. కార్డు మీద చెరిపింది నేను.

నాలుగో తారీఖు శుక్రవారం యూనియన్ హాలుకు వెళ్లి ఇద్దరు సాక్షుల ముందు జరిగిందంతా రాసి సంతకం పెట్టాను. లెమ్యుయల్ టార్వర్ ఆ రోజు నా బదులు పనిచేస్తూ పోయాడని, మద్యం మాట నా అబద్ధమని. ఒక నకలు ఫౌండ్రీకి వెళ్లింది. ఒకటి ఇందులో పెట్టాను. ముద్ర ఉంది చూడు, మిస్ జెనీవాకు ముద్ర కావాలిగా. సోమవారం పనిలోకి వెళ్తే గడియారం పక్క అరలో నా కార్డు లేదు, అంటే పని పోయినట్టే. డడెక్ నా వైపు చూడలేదు. ట్రస్‌డేల్ ఏమంటాడో ఇంకా తెలియదు.

రికార్డు కూడా పంపుతున్నాను. వినమని కాదు. అది మీ ఇంటిది.

ఓడెల్

ఇండియనోలా
మే 4

ఓడెల్,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను అమ్మకు చదవలేదు. రెండు రోజులు దిండు కింద పెట్టుకున్నాను. నిన్ను చంపాలని ఉండింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఉంటుంది. అది నీకు తెలియాలి.

మూడో రోజు చదివాను. అమ్మ మూడుసార్లు చదివించుకుంది. “ఇటివ్వు నీ కార్డు” అన్న చోట చెయ్యెత్తి ఆపి, “మళ్లీ చదువు” అంది. అన్నీ అయ్యాక నకలు తీసుకుని ముద్ర మీద వేలు పెట్టి చూసింది. లేచి ఫొటో ఇటు తిప్పింది. “పొద్దుటి నుంచీ నిలబడ్డ పిల్లాణ్ణి మళ్లీ నిలబెట్టారు” అని ఒక్క మాట అంది. ఆ రోజు అన్నం ముట్టలేదు. నేనూ ముట్టలేదు. ఇంత కాలం నమ్మినందుకు ఆమెను ఆమె తిట్టుకుంటుందేమో అని చూశాను. మా అమ్మ పైకి తిట్టుకునే మనిషి కాదు.

పోయిన ఆదివారం పాస్టరు పేర్లు పిలిచాడు. పదకొండు పేర్లు. లెమ్‌ది చివర. అమ్మ తలుపు దగ్గర తన చోటు వదిలేసి, బల్లల మధ్య నుంచి నడిచి ముందుకొచ్చి నిలబడింది. నేను లేచాను. ఎవరి పేరుకైనా ఒక్కమారు నిలబడి కూర్చుంటారు. అమ్మ కూర్చోలేదు. పాస్టరు ప్రసంగం మొదలుపెట్టినా కూర్చోలేదు. కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ప్రార్థన అయ్యేదాకా అలాగే ఉంది. నేనూ నిలబడ్డాను.

మా ఇంట్లో గ్రామఫోను లేదు. నిన్న లూలా మే వాళ్లింటికి తీసుకెళ్లాం. రేమండ్ పాడుతుంటే అమ్మ, “వీడెవడు?” అంది. తరవాత అతను ఆగిన చోట ఏమైందో నీకు తెలుసు, నేను రాయను. లూలా మే కూతురు లేచి పక్కగది తలుపు తీసి వెనక ఎవరైనా ఉన్నారా అని చూసింది.

అప్పుడు అమ్మ అడిగింది, “వాడు ఆ రోజు పాడింది ఏది?” అని. నీ గురించే. నాకు తెలియదన్నాను. తను ఊరుకోలేదు. పది పాటలూ వేయించింది. రెండో వైపు మూడో పాటలో వేలెత్తి, “ఇదే” అంది. మిగతావాటిలో నీ గొంతు అందరితో కలిసి ఉంటుంది. ఇందులో నువ్వు ఒక్కడివే అడుగున ఉన్నావు, వాళ్లకు కాస్త దూరంగా.

ఆ పాట మళ్లీ పెట్టమంది. తల వంచుకుని, కళ్లు మూసుకుని, నీ గొంతు మాత్రమే వింటున్నట్టు వింది. ముల్లు చివరికొచ్చి గరగరలాడుతున్నా తీయనివ్వలేదు.

“బాగానే పాడాడు” అంది.

అంతే.  అది దీవెనో శాపమో నేను అడగలేదు. నీకు రాయమందా అంటే రాయమనలేదు, వద్దనీ అనలేదు. నేనే రాస్తున్నాను. ఆ మాట నువ్వే మోసుకో.

వెర్లీన్